పిలుపు రాకపోతే సరుకు లేనట్టేనా?

అమెరికాలో బయోమెడికల్ పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టుకున్న పిల్లలకు డిసెంబరు నుంచి మార్చి దాకా మనవాళ్ళు చెప్పే మాట ఒకటుంది. సరుకుంటే వాళ్ళే ఇంటర్వ్యూకి పిలుస్తారు, పిలవలేదంటే సరుకు లేనట్టే. ఈలోగా నోరు మూసుకుని కూర్చో, మెయిళ్ళు పెట్టి విసిగిస్తే వచ్చేది కూడా రాదు. సీనియర్లు చెప్తారు, కన్సల్టెన్సీవాళ్ళు చెప్తారు, బయోకెమిస్ట్రీ అంటే ఏమిటో తెలియని మేనమామలు సంక్రాంతికి వచ్చి మరీ చెప్తారు. పదిమంది నోట విన్నాక ఎవరికైనా నిజమనిపిస్తుంది. నిజం కాదు. పైగా హాని చేస్తుంది. ఈ మాట చాటున జవాబు చెప్పాల్సినవాళ్ళు తప్పించుకుంటున్నారు, ఏ తప్పూ చెయ్యనివాళ్ళు తమను తామే తిట్టుకుంటున్నారు.

ఈ వ్యవహారం తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. ఎమ్మెస్ వేరు, పీహెచ్‌డీ వేరు. ఎమ్మెస్‌కి మనం డబ్బు కడతాం. బయోమెడికల్ పీహెచ్‌డీకి వాళ్ళే ట్యూషన్ భరించి, పైన స్టైపెండ్ ఇచ్చి ఐదారేళ్ళు పోషిస్తారు. అందుకే ఊరికే అడ్మిట్ ఇవ్వరు, ఇంటర్వ్యూ చేస్తారు. చాలా చోట్ల గడువు డిసెంబరు ఒకటో తేదీకి అటూఇటూగా ఉంటుంది. డిసెంబరు మధ్య నుంచి జనవరి చివరి దాకా ఇన్వైట్లు పోతాయి, మార్చి మొదటికల్లా ఇంటర్వ్యూలు అయిపోతాయి, ఏప్రిల్ 15 నాటికి విద్యార్థి అవునో కాదో చెప్పాలి. ఆ ఏప్రిల్ 15 అన్నది విశ్వవిద్యాలయాలు తమలో తాము చేసుకున్న ఒప్పందం. అంతకుముందే తేల్చి చెప్పమని విద్యార్థిని ఒత్తిడి చెయ్యకూడదని దాని సారం. విద్యార్థికి ఎప్పటికల్లా జవాబివ్వాలో మాత్రం విశ్వవిద్యాలయాలు అలా ఒప్పందం చేసుకోలేదు. గమనించండి, గడువు ఉన్నది ఒకవైపే.

వాళ్ళ పని గంటలు మన రాత్రిళ్ళు. అందుకే ఆ నెలల్లో వరంగల్‌లోనూ గుంటూరులోనూ హైదరాబాదు హాస్టళ్ళలోనూ అర్ధరాత్రి దాటాక ఫోన్లు వెలుగుతుంటాయి. పోర్టల్ తెరిస్తే 'అండర్ రివ్యూ' అని ఉంటుంది. మరుసటి రాత్రీ అదే. తోటివాడికి మెయిల్ వచ్చిందని వాట్సాప్‌లో తెలుస్తుంది. ఇక లెక్కలు మొదలు. వాడి సీజీపీఏ ఎంత, నాదెంత, వాడికి పేపరుందా, నాకెందుకు లేదు. ఆ లెక్క అంతా తప్పు పునాది మీద నడుస్తోందని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి చూద్దాం, ఎందుకంటే సరుకు సిద్ధాంతం వల్లించేవాళ్ళు దాని జోలికే పోరు.

ఈ కార్యక్రమాల్లో చాలావాటిని 'అంబ్రెల్లా' ప్రోగ్రాములంటారు. విద్యార్థి నేరుగా ఒక ప్రొఫెసరు దగ్గర చేరడు. మొదటి ఏడు రెండు మూడు ల్యాబుల్లో కొన్ని వారాల చొప్పున పనిచేసి, ఆ తర్వాత ఒకరిని ఎంచుకుంటాడు. ఆ మొదటి ఏడు అతడికి జీతం ఎవరిస్తారు? ఇంకా ఏ ల్యాబుకూ చెందలేదు కాబట్టి ప్రోగ్రామే ఇవ్వాలి. ప్రోగ్రాముకు ఆ డబ్బు వచ్చే దారుల్లో ముఖ్యమైనది ఎన్‌ఐహెచ్, అంటే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఇచ్చే శిక్షణ గ్రాంటు. వాళ్ళు టీ32 అంటారు. ఆ గ్రాంటు మీద అమెరికా పౌరుల్నీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళనీ తప్ప మరొకరిని పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. కాకినాడ నుంచి దరఖాస్తు పెట్టిన అమ్మాయి ఫైలు ఎంత బాగున్నా ఆ ఖాతాలో ఆమెకు చోటు లేదు. ఆమెను చేర్చుకోవాలంటే విశ్వవిద్యాలయం సొంత నిధుల్లోంచి తియ్యాలి. అలాంటి నిధులు పుష్కలంగా ఉన్న ప్రైవేటు సంస్థలు కొన్ని. బొటాబొటిగా ఉన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలా. వాటిల్లో విదేశీ విద్యార్థికి ఏటా ఉండే స్థానాలు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్నే.

ఈ ముక్క ఏ కన్సల్టెన్సీ చెప్తుంది? చెప్పదు. ఎమ్మెస్‌లో చేర్పిస్తే గిట్టుబాటవుతుంది, పీహెచ్‌డీలో వాళ్ళకేమీ మిగలదు. 'మీ ప్రొఫైల్ వీక్ అండి' అనేస్తే సరిపోతుంది, ఆ వెంటనే ఎమ్మెస్ కాలేజీల జాబితా బల్లమీదికి వస్తుంది.

మొదటి ఏడు గడిచాక భారం ప్రొఫెసరు మీద పడుతుంది. ఆయన కూడా గ్రాంటు మీద బతికేవాడే. ఎన్‌ఐహెచ్‌కి పెట్టే పరిశోధన దరఖాస్తుల్లో కొన్నేళ్ళపాటు సుమారు ఐదింటికి ఒకటే నెగ్గుతూ వచ్చింది. ఈసారి గ్రాంటు పోయిన ప్రొఫెసరు 'ఈ ఏడాది నేను విద్యార్థిని తీసుకోను' అంటాడు. మీ ఎస్ఓపీలో, అంటే దరఖాస్తుతో పంపే లక్ష్య ప్రకటనలో, మీరు ఎంతో ఇష్టంగా రాసిన ముగ్గురు ప్రొఫెసర్ల పేర్లలో ఇద్దరు ఆ పరిస్థితిలో ఉంటే కమిటీ మీ ఫైలు పక్కన పెడుతుంది. ఇందులో మీ తప్పేముంది? ఆ గ్రాంటు పోయిన సంగతి మీకు తెలిసే దారేముంది?

ఇదంతా ఊహ అనేవాళ్ళ కోసం 2025 వసంతాన్ని గుర్తుచేస్తాను. ఆ ఏడాది ఫిబ్రవరి 7న ఎన్‌ఐహెచ్ ఒక ప్రకటన చేసింది. గ్రాంటుతో పాటు విశ్వవిద్యాలయాలకు భవనాలు, కరెంటు, కార్యాలయాల ఖర్చుల కింద ఇచ్చే సొమ్మును 15 శాతానికి కుదిస్తున్నామని. అంతకుముందు పెద్ద పరిశోధన సంస్థల్లో కొన్నింటికి అది 50 శాతం దాటి ఉండేది. కోర్టు వెంటనే అడ్డుపడింది గానీ భయం ఆగలేదు. సరిగ్గా ఇంటర్వ్యూలు జరుగుతున్న రోజులవి. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం పీహెచ్‌డీ చేరికలను కొద్దిరోజులు నిలిపేసి మళ్ళీ తెరిచింది. మసాచుసెట్స్‌లోని యూమాస్ చాన్ వైద్య విశ్వవిద్యాలయం ఇంకో అడుగు ముందుకేసి, బయోమెడికల్ పీహెచ్‌డీకి అప్పటికే ఇచ్చిన అడ్మిషన్ ఆఫర్లను మార్చిలో వెనక్కి తీసుకుంది.

అక్కడ ఆగి ఆలోచించండి. ఆ ఆఫర్లు అందుకున్నవాళ్ళు ఇంటర్వ్యూ నెగ్గినవాళ్ళు. కమిటీ చదివింది, ప్రొఫెసర్లు మాట్లాడారు, కావాలనుకున్నారు. ఫిబ్రవరిలో ఉన్న సరుకు మార్చిలో ఎక్కడికి పోయింది? వాళ్ళ ఫైలులో ఒక్క అక్షరం మారలేదు. మారింది బడ్జెట్. ఆఫరు చేతికొచ్చినవాళ్ళకే ఇలా జరిగితే, అదే ఏడాది పిలుపే రాని వందలమంది సంగతి ఏమనుకోవాలి? ప్రోగ్రాముల్లో సీట్లు తెగినప్పుడు ఆ కత్తి ఎవరి మెడమీద పడిందో వాళ్ళకు తెలియనే తెలియదు. తెలియదు కాబట్టి వాళ్ళింట్లో 'మనవాడిలోనే ఏదో లోటుంది' అనుకున్నారు.

'సరే, ఆ ఏడాది విపరీతం. మామూలు ఏడాదుల్లో ప్రతిభే గెలుస్తుంది కదా' అంటారు. అయితే ప్రతిభను వాళ్ళు ఏ కొలబద్దతో కొలుస్తున్నారో, ఆ కొలబద్ద పనిచేస్తుందో లేదో చూద్దాం. ఈ ప్రశ్న నేను వేసింది కాదు, వాళ్ళ శాస్త్రవేత్తలే వేసుకున్నారు.

2017 జనవరిలో ప్లోస్ వన్ పత్రికలో రెండు అధ్యయనాలు వచ్చాయి. ఒకటి నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానిది. అక్కడ బయోమెడికల్ పీహెచ్‌డీలో చేరిన 683 మంది రికార్డులు తిరగేశారు. జీఆర్‌ఈ ప్రవేశ పరీక్ష మార్కులకూ, ఎవరు పట్టా పుచ్చుకుంటారు, ఎన్నాళ్ళకు పుచ్చుకుంటారు, ఎన్ని పేపర్లు రాస్తారు అన్నవాటికీ పొంతన కనిపించలేదు. మొదటి సెమిస్టరు మార్కుల్ని మాత్రం జీఆర్‌ఈ ఓ మాదిరిగా ఊహించగలిగింది. ఎంతోమంది పిల్లలు కోచింగులకు డబ్బు ధారపోసిన ఆ పరీక్షను ఆ తర్వాతి ఏళ్ళలో చాలా బయోమెడికల్ ప్రోగ్రాములు ఎత్తేశాయి. మంచిదే.

రెండోది నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయం, చాపెల్ హిల్‌లో జరిగింది. నా వాదనకు ఇదే ముఖ్యం. అక్కడ 280 మంది విద్యార్థుల దరఖాస్తు ఫైళ్ళు బయటికి తీసి, వాళ్ళు తర్వాత మొదటి రచయితగా ఎన్ని పేపర్లు ప్రచురించారో పక్కన పెట్టి చూశారు. పరీక్ష మార్కులు తోడు రాలేదు. డిగ్రీ మార్కులు తోడు రాలేదు. అంతకుముందు ఎన్నాళ్ళు ల్యాబులో పనిచేశారన్నదీ తోడు రాలేదు. అన్నిటికన్నా విచిత్రం, ఇంటర్వ్యూలో ప్రొఫెసర్లు ఇచ్చిన రేటింగులు కూడా ఏమీ చెప్పలేకపోయాయి. ఒక్కటే పనికొచ్చింది. సిఫారసు ఉత్తరం రాసినవాళ్ళు ఇచ్చిన రేటింగు.

అంటే ఏ ఇంటర్వ్యూ పిలుపు కోసం మన పిల్ల నిద్ర మానుకుందో, ఆ ఇంటర్వ్యూయే మంచి పరిశోధకుణ్ణి మామూలు పరిశోధకుడి నుంచి వేరుచెయ్యలేకపోయింది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయను. ఈ లెక్కలన్నీ చేర్చుకున్నవాళ్ళ మీద కట్టినవి. అసలు చేర్చుకోనివాళ్ళను కూడా కలిపి చూస్తే మార్కులకూ ఇంటర్వ్యూకూ విలువ కనిపించేదేమో. గణితం ప్రకారం ఇది న్యాయమైన మాట. మరీ అధ్వానంగా ఉన్న ఫైలును మార్కులు పట్టిస్తాయి, ఒప్పుకుంటాను. కానీ మనం మాట్లాడుతున్నది అధ్వానపు ఫైళ్ళ గురించి కాదు. పిలుపు వచ్చినవాడికీ రానివాడికీ మధ్య వెంట్రుకవాసి తేడా ఉండే ఆ పెద్ద గుంపు గురించి. ఆ గుంపులో ఎవరు మెరుగో మార్కులూ ఇంటర్వ్యూలూ చెప్పలేవని అధ్యయనం సూచిస్తోంది.

చేర్చుకోనివాళ్ళనే చేర్చుకుని చూసిన సందర్భం కూడా ఒకటుంది. అది పీహెచ్‌డీ కాదు, వైద్యవిద్య. అయినా ఇంటర్వ్యూ కథ ఒకటే. 1979లో హ్యూస్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల ఇంటర్వ్యూలన్నీ ముగించి, ర్యాంకులు వేసి, 150 మందిని ఎంచుకుంది. అప్పుడు రాష్ట్ర శాసనసభ మరో 50 సీట్లు పెంచమంది. అప్పటికి మంచి ర్యాంకులవాళ్ళంతా వేరే కళాశాలల్లో సర్దుకున్నారు. మిగిలింది జాబితా అడుగున ఉన్నవాళ్ళు, అంటే ఇంటర్వ్యూలో వద్దనుకున్నవాళ్ళు. వేరే గతి లేక వాళ్ళనే తీసుకున్నారు. ఏళ్ళ తర్వాత రెండు గుంపులనూ పోల్చిచూశారు. చదువులో, ఆస్పత్రి పనిలో, మధ్యలో మానేసినవాళ్ళ సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. 1987లో ఆ ఫలితం అమెరికా వైద్యసంఘం పత్రికలో అచ్చయింది. శాసనసభ ఒక తీర్మానం చెయ్యకపోతే ఆ 50 మందీ జన్మంతా తమలో సరుకు లేదనే అనుకునేవాళ్ళు కదా.

ఇక్కడ మనవాళ్ళు తప్పకుండా యల్లాప్రగడ సుబ్బారావుగారిని తీసుకొస్తారు. భీమవరంలో పుట్టి హార్వర్డుకు వెళ్ళి ప్రపంచానికి మందులిచ్చాడు, ప్రతిభ ఉంటే తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి అని. ఆయన జీవితం చదివినవాడెవడూ ఈ మాట అనడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఆంగ్లేయ ప్రొఫెసరు కన్నెర్రజేస్తే, ఎంబీబీఎస్ బదులు తక్కువ రకం ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకున్నాడు. 1920ల తొలినాళ్ళలో బోస్టన్ చేరడానికి మామగారు పోగుచేసిన డబ్బు, కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ భరోసా కావాల్సివచ్చాయి. అక్కడ ఆస్పత్రిలో రాత్రిపూట కూలిపని చేసి పొట్టపోసుకున్నాడు. ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ఆయన పేరుతో ఇవాళ్టికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. అంతచేసినా హార్వర్డు ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళిపోయాక చేసిన పనే ఆయనకు పేరు తెచ్చింది. ఆయన్ని ఉదాహరణగా చెప్పదలిస్తే నా పక్షాన చెప్పండి. సంస్థలు ప్రతిభను ఎదుట పెట్టుకుని కూడా గుర్తించలేవు అనడానికి.

ఇప్పుడు ఓపిక సంగతి. 'వేలల్లో దరఖాస్తులు వస్తాయండీ, అందరికీ జవాబివ్వడం కుదిరే పనేనా' అంటారు. ఎందుకు కుదరదు? దరఖాస్తు రుసుము కట్టిన నిమిషంలోపే రసీదు మెయిల్ వస్తుంది. ఉత్తరం రాసే ప్రొఫెసరు ఆలస్యం చేస్తే గుర్తుచేసే మెయిల్ వస్తుంది. ట్రాన్‌స్క్రిప్టు అస్పష్టంగా ఉంటే మరో మెయిల్. డబ్బుకీ కాగితాలకీ సంబంధించినంతవరకు ఆ పోర్టల్ బహు చురుకు. 'మిమ్మల్ని ఈసారి పిలవడం లేదు' అని చెప్పాల్సివచ్చేసరికి దానికి పక్షవాతం వస్తుంది. అదే సాఫ్ట్‌వేరు, అదే మీట.

అసలు కారణం వేరే. ప్రోగ్రాము పదిమందిని చేర్చుకోవాలంటే అంతకన్నా ఎక్కువమందికి ఆఫర్లివ్వాలి, ఎందుకంటే కొందరు వేరే చోటికి పోతారు. ఎందరు పోతారో ఏప్రిల్ దాకా తెలియదు. అందుకని మధ్యరకం ఫైళ్ళను అటు పిలవకుండా, ఇటు వద్దనకుండా ఉంచుకుంటారు. అవసరమైతే రెండో విడత పిలవచ్చు, లేకపోతే మార్చి చివర్లో ఒక ముద్రిత ఉత్తరం పడేయచ్చు. చూసి వెళ్ళి 'కబురు చేస్తాం' అని, ఇంకో రెండు సంబంధాలు తేలేదాకా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునే మగపెళ్ళివారి తంతు ఇది. దాన్ని మన ఊళ్ళలో ఎవరూ సమర్థించరు. అమెరికా విశ్వవిద్యాలయం చేస్తే 'ప్రొఫెషనల్ ప్రాసెస్' అంటున్నాం.

వెయిటింగు లిస్టు పెట్టుకోవడం నేరం కాదు. పెట్టుకుని చెప్పకపోవడమే తప్పు. 'మీరు రెండో వరసలో ఉన్నారు, ఫిబ్రవరి 20 లోపు తేల్చిచెప్తాం' అనడానికి ఏం ఖర్చవుతుంది? ఆ ఒక్క వాక్యం లేక ఇక్కడ పిల్లలు జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అంటే జేఆర్‌ఎఫ్ ఇంటర్వ్యూలు వదులుకుంటున్నారు, వచ్చిన ప్రాజెక్టు ఉద్యోగంలో చేరాలో వద్దో తెలియక ఊగిసలాడుతున్నారు. దరఖాస్తుకు వంద డాలర్లకు అటూఇటూ తీసుకున్నారు, మినహాయింపు అడిగితే చాలా చోట్ల అది అమెరికావాళ్ళకే అన్నారు. డాలరు ఎనభై రూపాయలు దాటి ఏళ్ళయింది. పదిచోట్ల పెట్టి, టోఫెల్ స్కోర్లు పంపి, మార్కుల లిస్టులు మదింపు చేయిస్తే లక్ష రూపాయలు. మన దేశంలో జేఆర్‌ఎఫ్ నెలకు 37,000, అంటే ఆ లక్ష ఒక పరిశోధక విద్యార్థి రెండున్నర నెలల జీతం కన్నా ఎక్కువ. ఇంత తీసుకున్నవాళ్ళు ఒక తేదీ కూడా బాకీ లేరా?

అందరూ ఇలాగే చేస్తారనుకోకండి. జర్మనీలో మాక్స్ ప్లాంక్ సంస్థల పీహెచ్‌డీ పాఠశాలలు దరఖాస్తు రుసుమే తీసుకోవు. హైడెల్‌బర్గ్‌లోని యూరప్ అణుజీవశాస్త్ర ప్రయోగశాల గడువుతో పాటు ఇంటర్వ్యూ వారాలను ముందే ప్రకటిస్తుంది. ఫెలోషిప్ కోసం మన దేశంలో రాసే నెట్ పరీక్షకు సవాలక్ష లోపాలున్నాయి, ఫెలోషిప్ డబ్బు నెలల తరబడి రాక పిల్లలు పడే అవస్థ అందరికీ తెలిసిందే. అయినా కటాఫ్ ఎంతో అచ్చేసి చెప్తారు. ఎక్కడ ఎంతలో పోయిందో తెలుస్తుంది. తెలిస్తే బాధపడి, మర్నాడు లేచి ఇంకో పని చూసుకోవచ్చు.

'అడిగితే చెడ్డపేరు వస్తుంది' అన్న భయం అన్నిటికన్నా నిరాధారమైనది. ప్రతి ప్రోగ్రాముకూ ఒక అడ్మిషన్ల కోఆర్డినేటర్ ఉంటారు, విచారణలకు జవాబివ్వడం వాళ్ళ ఉద్యోగంలో భాగం. ఫైళ్ళు చదివి ఓటు వేసేది ప్రొఫెసర్ల కమిటీ, కోఆర్డినేటర్ కాదు. ప్రోగ్రాము వెబ్‌సైటులో చాలాసార్లు ఇంటర్వ్యూ తేదీలు ముందే ఉంటాయి. ఆ తేదీకి రెండు వారాల ముందు కూడా ఉలుకూ పలుకూ లేకపోతే మూడు వాక్యాలు రాయండి: నా దరఖాస్తు సంఖ్య ఇది, ఇన్వైట్లు అన్నీ వెళ్ళిపోయాయా, వెళ్ళకపోతే ఎప్పటికి ఆశించవచ్చు. అంతే. బతిమాలొద్దు, ఆత్మకథ రాయొద్దు, వారానికోసారి గుర్తుచెయ్యొద్దు. మర్యాదగా ఒక్కసారి అడిగిన ప్రశ్నకు దరఖాస్తు కొట్టేసే ప్రోగ్రాము ఉంటే ఐదేళ్ళు అక్కడ ఉండకపోవడమే మేలు. ఇక 'రోలింగ్', 'వేవ్స్', 'మంగళవారాలే వస్తాయట' లాంటి జోస్యాలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. వాటికి రాశిఫలాలకున్నంత విలువ ఉంది.

పిలుపు రానివాళ్ళందరూ మహామేధావులే అని నేననను. తొందరతొందరగా దరఖాస్తు పెట్టినవాళ్ళుంటారు, ఒకే ఎస్ఓపీలో విశ్వవిద్యాలయం పేరు మార్చి పదిచోట్లకు పంపినవాళ్ళుంటారు, అందులో ఒకచోట పేరు మార్చడం మరిచినవాళ్ళూ ఉంటారు. వాళ్ళను వద్దనడం కమిటీ హక్కు. వద్దని చెప్పమనే నేనడుగుతున్నది.

మన ఇంటి లోపం ఒకటుంది, దాన్ని ప్రతిభ ఖాతాలో వేసి దాచేస్తున్నాం. పైన చెప్పిన చాపెల్ హిల్ అధ్యయనంలో పనికొచ్చింది సిఫారసు ఉత్తరం ఒక్కటే అన్నాను కదా. మన కాలేజీల్లో ఆ ఉత్తరం ఎలా తయారవుతుందో అందరికీ తెలుసు. 'నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతాను.' ఇరవై ఏళ్ళ పిల్ల తన గురించి తానే 'సిన్సియర్, హార్డ్‌వర్కింగ్, ఒబీడియెంట్' అని రాసుకుంటుంది. సీనియరు దగ్గర్నుంచి తెచ్చుకున్న ఫైలులో పేరు మారుస్తుంది. ఒకే కాలేజీ నుంచి వచ్చిన నాలుగు ఉత్తరాలు ఒకే వాక్యంతో మొదలైతే కమిటీ సభ్యుడు ఏమనుకుంటాడు? ఆయనకు కావలసింది విధేయత కాదు. ఈ పిల్ల ప్రయోగం చెడితే ఏం చేసింది, ఎవరూ చెప్పకుండానే ఏ ప్రశ్న వేసింది, ఏ పొరపాటు తనే పట్టుకుంది. అది చూసినవాళ్ళే రాయగలరు. ఒకే తరగతిలో చదివిన ఇద్దరిలో, వేసవిలో హైదరాబాదు సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థ ల్యాబులో పనిచేసి అక్కడి శాస్త్రవేత్త చేత ఉత్తరం రాయించుకోగలిగిన పిల్లకు పిలుపు వస్తుంది, ఆ అవకాశం లేని పిల్లకు రాదు. వాళ్ళిద్దరి మధ్య తేడా తెలివిలో లేదు. లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టిన ఆ మాస్టారు ఒక గంట కూర్చుని రాయకపోవడంలో ఉంది. ఆయనే మార్చిలో 'ఈకాలం పిల్లల్లో సీరియస్‌నెస్ లేదు' అంటాడు.

కాబట్టి ఈ నెలల్లో ఇంట్లో పీహెచ్‌డీ దరఖాస్తుదారు ఉన్న తల్లిదండ్రులు 'వచ్చిందా?' అని అడగడం మానెయ్యండి, వస్తే వాళ్ళే చెప్తారు. కాలేజీ మాస్టార్లూ, ఈసారి ఉత్తరాలు మీరే రాయండి. విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగి అయినా సరే, మీ మాటల్లో రాయండి. దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళూ, తేదీ దాటితే అడగండి, ఈలోగా ఇక్కడి ఇంటర్వ్యూ ఒక్కటి కూడా వదులుకోకండి.

చివరగా అమెరికా విశ్వవిద్యాలయాల్లో ప్రొఫెసర్లుగా ఉన్న తెలుగువాళ్ళకు ఒక మాట. మీలో ఎంతోమంది అడ్మిషన్ కమిటీల్లో కూర్చుంటున్నారు, ఒకప్పుడు ఇదే అర్ధరాత్రి ఇదే పోర్టల్ లాంటి తలుపు దగ్గర మీరూ నిలబడ్డారు. తెలుగు పిల్లల్ని ఎక్కువమందిని తీసుకోమని అడగడం లేదు, అది మీరు చెయ్యకూడదు కూడా. వచ్చే కమిటీ సమావేశంలో రెండు ప్రతిపాదనలు పెట్టండి. ఇన్వైట్లు వెళ్ళిన రోజే, పిలవదలుచుకోనివాళ్ళకూ రెండో వరసలో ఉంచినవాళ్ళకూ ఆ సంగతి మెయిల్లో చెప్పాలి. విదేశీ విద్యార్థులకు ఆ ఏడాది ఎన్ని స్థానాలకు నిధులున్నాయో రుసుము వసూలు చెయ్యకముందే వెబ్‌సైటులో రాయాలి.